రాయవేలూరులో నలభై రోజులు

వేలూరును గురించి అరవదేశంలో ఒక పాత వేళాకోళం ఉంది. నీళ్లు లేని నది, రాజు లేని కోట, దేవుడు లేని గుడి చూడాలంటే ఆ ఊరే వెళ్లాలట. నది అంటే పాలారు. మేము చూచినన్నాళ్లూ అందులో ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు గనుక ఆ మాట నిజమే. కోటలో రాజు లేడన్నదీ నిజమే. గుడి సంగతి మాత్రం ఇప్పుడు చెల్లదు. జలకంఠేశ్వరుడి లింగం ఎన్నో తరాలపాటు కోట బయట, సత్తువాచారిలో ఉండిపోయి, 1981లో మళ్లీ తన గర్భగుడి చేరుకొంది. ఆ వేళాకోళంలో ఖాళీ అయిన ఆ చోట ఇంకొకటి చేర్చమంటే నేను పేరు లేని జబ్బులు అని చేరుస్తాను. సొంత ఊళ్లో ఏ డాక్టరూ పేరు పెట్టలేని బాధలను మూటగట్టుకొని, బెంగాలునుంచి, జార్ఖండునుంచి, అస్సామునుంచి, మన కోస్తా జిల్లాలనుంచి జనం రోజూ కాట్పాడి జంక్షన్లో దిగుతూనే ఉంటారు. కిందటి ఫిబ్రవరిలో మేమూ అలాగే దిగాం.

మావారికి యాభై మూడేళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. 68 కిలోల మనిషి రెండేళ్లలో 55కు వచ్చారు. ఆకలి లేక కాదు. తింటారు, తిన్నది ఒంటబట్టదు. భోజనం చేసిన గంటకు పొట్ట డోలు అవుతుంది. ఇక తరువాతి సంగతి పత్రికలో వ్రాయవచ్చునా అని కొంచెం సందేహించాను గాని, అది చెప్పకుండా ఈ జబ్బును గురించి చెప్పడం కుదరదు. మలం జిడ్డుగా, నూనె తెట్టుకట్టి నీళ్లమీద తేలుతుంది. ఎన్ని నీళ్లు పోసినా ఒక పట్టాన పోదు. మా ఊరి డాక్టరుగారు గ్యాస్ అన్నారు. పట్నంలో ఒకాయన మనోవ్యథ అన్నారు, పరీక్షల కాగితాలు దిద్దే పని తగ్గించుకోమన్నారు. మూడో ఆయన నెయ్యి, నూనె పూర్తిగా మానిపించారు. దాంతో తెట్టు కొంత తగ్గింది. మనిషి ఇంకా తగ్గారు. మా పెద్దాడపడుచు దిష్టి అంది. ఖర్చు లేని వైద్యం అదొక్కటే గనుక అదీ చేయించాం.

తాడేపల్లిగూడెంలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడిలో దింపుతుంది. చిత్తూరు దాటాక భాష మారుతుందని అనుకొన్నాను. మారదు, కలుస్తుంది. ఒకప్పుడు ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లా. జిల్లా కచేరీలు చిత్తూరులోనే ఉండేవి. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది. అంతకు ముందు, విజయనగరం చెదిరిపోయాక అరవీటి రాయలు ఈ వేలూరును రాజధాని చేసికొని ఏలారు. మనవాళ్లు దీన్ని రాయవేలూరు అనడం అందుకే. ఆటో అతను మమ్మల్ని చూడగానే తెలుగులోనే బేరం మొదలుపెట్టాడు. వెనుక వచ్చిన కుటుంబంతో బెంగాలీలో మాట్లాడాడు. ఎన్ని భాషలు వచ్చునని అడిగితే, "సవారీ దొరికేంత వరకు అన్నీ వస్తాయమ్మా" అన్నాడు.

ఆస్పత్రి చుట్టుపక్కల సందులన్నీ లాడ్జీలే. బోర్డులమీద బెంగాలీ అక్షరాలు, వాటి కింద తెలుగు, హిందీ. గదితోపాటు గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, ఒక కుక్కరు అద్దెకిస్తారు. ఉదయం ఆరింటికి మా వరండాలో నాలుగు రాష్ట్రాల తిరగమోత వాసన ఒక్కసారి లేచేది: ఆవనూనె, కొబ్బరినూనె, వేరుశనగ నూనె, నువ్వులనూనె. నూనె మానిన మావారు తలుపు తీసి నిలబడి ఆ వాసనలను వేరుచేసి చెబుతుండేవారు. చూడటానికి నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఆస్పత్రి చరిత్ర చాలామందికి తెలిసిందే. అయినా ఆ గోడల నీడన వరుసలో కూర్చున్నవాళ్లకు అది కొత్తగా వినిపిస్తుంది. ఇడా స్కడర్ 1870లో ఇక్కడికి దగ్గరలోని రాణిపేటలో పుట్టింది. తండ్రి డాక్టరు. ఒకే రాత్రి ముగ్గురు ఇంటివాళ్లు వచ్చి, పురిటి నొప్పులు పడుతున్న తమ ఆడవాళ్లను చూడమని ఆమెను అడిగారట. ఆమెకు వైద్యం రాదు, తండ్రిని పంపుతానంటే పరాయి మగవాడు చూడటానికి వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురూ పోయారు. ఆ పిల్ల అమెరికా వెళ్లి 1899లో డాక్టరు పట్టా పుచ్చుకొంది. 1900లో తిరిగివచ్చి ఒకే ఒక మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచింది. మగపిల్లలను చేర్చుకొన్నది 1947లో.

మమ్మల్ని చూచిన డాక్టరు ముప్పయ్యేళ్ల కుర్రాడు. చిత్తూరు తెలుగు మాట్లాడతాడు. మావారు బరువు, పొట్ట, నొప్పి అని చెప్పుకుపోతుంటే ఆగమని, "నీళ్లమీద తేలుతుందా అమ్మా?" అని నన్ను అడిగాడు. రెండేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటివాడు అతనే. వెంటనే కాగితంమీద బొమ్మ గీశాడు. కడుపు వెనుక, అడ్డంగా, జానెడు పొడుగున ఉండే గ్రంథి. బడి పుస్తకాల్లో క్లోమం అంటారు. షుగరు వ్యాధి పుణ్యమా అని ఇన్సులిన్ అక్కడ పుడుతుందని అందరికీ తెలుసు. అన్నం, పప్పు, నెయ్యి అరగడానికి కావలసిన ఎంజైములూ అక్కడే ఊరతాయన్నది అంతగా తెలియదు. వీటిలో కొవ్వును అరిగించేదాన్ని లైపేజ్ అంటారు. అది చాలకపోతే నెయ్యి పేగులగుండా అలాగే జారిపోతుంది. దానితోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా.

ఈ రహస్యాన్ని బయటపెట్టింది క్లాడ్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, 1840ల చివర. కుందేలుకు క్లోమరసం గొట్టం పైత్యరసం గొట్టానికి చాలా కిందుగా పేగులో కలుస్తుంది. కొవ్వు తినిపించిన కుందేలును కోసి చూస్తే, క్లోమరసం కలిసే చోటు దాటాకనే పేగు పక్కన తెల్లటి పాలనాళాలు కనిపించాయట. ఈ కథ మావారికి ఎంతో నచ్చింది. "లెక్కలో ఏ మెట్టు దగ్గర జవాబు మారిందో చూచినట్టే" అన్నారు.

డాక్టరు పరీక్షల జాబితా వ్రాశాడు. అవన్నీ తేలేదాకా మందు ఆపనక్కరలేదని, ఆనాటినుంచే క్యాప్సూళ్లు మొదలుపెట్టమన్నాడు. మందు వాడుతుంటే పరీక్షలో తప్పు రాదా అని మావారు అడిగారు. మలంలో వెతికే ఎలాస్టేస్ అనేది మనిషి క్లోమంనుంచి వచ్చిందైతేనే ఆ పరీక్ష గుర్తుపడుతుందట. మందులోదాన్ని లెక్కలోకి తీసుకోదట. మావారు తృప్తిగా తల ఊపారు. "మందులోది మరి ఎవరిది?" అని అప్పుడు అడగలేదు. లాడ్జికి వచ్చి సీసాలోని కాగితం చదివారు. పందిది.

మాది చీమను చూచి పక్కకు తప్పుకొనే ఇల్లు. ఉల్లిపాయకు కూడా తిథులున్న వంటిల్లు. ఆయన సీసాకు మూతపెట్టి కిటికీలో ఉంచారు. నేనేమీ అనలేదు. ఆ రోజు లేదు, మరునాడూ లేదు. సాయంత్రాలు కోట చుట్టూ నడిచి వచ్చేవాళ్లం.

వేలూరు కోట చూడదగ్గది. అగడ్తలో ఇప్పటికీ నీళ్లున్నాయి; పదహారో శతాబ్దపు రాతిగోడ నీడ ఆ నీళ్లలో పడుతుంటే సాయంత్రం అక్కడినుంచి కదలబుద్ధి కాదు. గుడిలోని కల్యాణమండపం స్తంభాలమీద యాళీలు, దౌడుతీసే గుర్రాలు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాను పిల్లలను తెచ్చి ఉంచింది ఈ కోటలోనే. సింహళంలో కాండీ చివరి రాజు, నాయక వంశంవాడు, శ్రీ విక్రమరాజసింహుడు 1816నుంచి 1832లో చనిపోయేదాకా ఇక్కడే బందీ. 1806 జూలై 10 తెల్లవారుజామున సిపాయిలు తిరగబడిందీ ఇక్కడే. బొట్టు పెట్టుకోవద్దని, గడ్డాలు తీసెయ్యమని, కొత్త రకం తలపాగా ధరించమని దొరలు హుకుం చేశారు. ఆ తలపాగాకు తోలు కుచ్చు ఉంది. ఆ తోలు ఏ జంతువుదోనన్న అనుమానం నిప్పు రాజేసింది. ఈ కథ చెప్పిన మనిషి వెళ్లిపోయాక మావారు నా వంక చూచి, "వాళ్లది నెత్తిమీద. నాది కడుపులో" అన్నారు.

పక్కగదిలో రాయచోటినుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. తొమ్మిదేళ్ల కూతురికి మావారి జబ్బులాంటిదే, అయితే ఆ పిల్లకు అనుమానం ఏమీ లేదు. క్లోమంలో రాళ్లు ఎక్స్‌రేలోనే కనిపించాయట. తాగుడు ఎరగని పిల్లలకూ పడుచువాళ్లకూ ఇలా రాళ్లు కట్టే జబ్బు మన దక్షిణాదిలో ఎప్పటినుంచో ఉంది. కేరళలో డాక్టర్ గీవర్గీస్ వందల మంది రోగులను చూచి 1968లో దానిమీద పుస్తకమే వ్రాశారు. కర్రపెండలం తినడంవల్ల వస్తుందని చాలాకాలం అనుకొన్నారు. అది రుజువు కాలేదు. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2002లో స్పింక్1 అనే జన్యువులోని మార్పులకూ దీనికీ గట్టి సంబంధం ఉన్నట్టు చూపించారు. ఇవన్నీ మావారు ఫోనులో చదివి నాకు చెప్పినవి.

ఆ రాయచోటి ఆయన క్యాప్సూలు విప్పి, లోపలి ఆవగింజల్లాంటి పూసలను యాపిల్ గుజ్జులో కలిపి, కూతురు నమలకుండా మింగుతుందో లేదో చూస్తూ కూర్చునేవాడు. పూసలు నలిగితే మందు దండగట. కడుపులోని ఆమ్లానికి కరగకుండా పేగులోకి వెళ్లాక కరిగేటట్టు ఒక్కొక్క పూసకూ పూత ఉంటుంది. మూడోనాడు నేను ఆయన్ను అడిగేశాను.

"మీకు అభ్యంతరం లేదా?"

"మాకు అంతకన్నా అభ్యంతరం ఏముంటాది అక్కా?" అన్నాడు. "మా పెద్దాయన్ను అడిగినా. వేరే మందు లేనప్పుడు, పానం నిలబెట్టేదానికి తీసుకోవచ్చు అన్న్యాడు. శిలీంధ్రంనించి చేసిన మాత్రలు కూడా తెచ్చిస్తి. దానికి పనిచెయ్యలా." తరువాత మావారివైపు తిరిగి, "సార్, మీరు మింగకపోతే మీ సీసా మాకియ్యండి. శానా ధర" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని ఆ చివరి మాట నిజం. ఒక్కొక్క క్యాప్సూలు మా ఇంట్లో ఒక పూట కూరల ఖరీదు.

మావారికి ఇంకా ఒక ముడి మిగిలింది. అమ్మకు చెప్పకుండా తీసుకోకూడదు. చెబితే ఆవిడ ఇక ఆయన కంచంలో వడ్డించదేమోనని భయం. మా అత్తయ్యకు ఎనభై రెండేళ్లు. మడి కట్టుకొనే మనిషి. చివరికి ఆ రాత్రి ఫోను చేసి, దాపరికం లేకుండా చెప్పేశారు. అటునుంచి కాసేపు చప్పుడు లేదు.

"ఒరే అబ్బాయ్, మీ నాన్నగారు పదిహేనేళ్లు ఇన్సులిన్ పొడిపించుకొన్నారు. అది ఎక్కడినుంచి వచ్చేదనుకొన్నావు?"

ఆయన మాట్లాడలేదు.

"కొన్నాళ్లు ఆవుది, కొన్నాళ్లు పందిది. కాంపౌండరు సుబ్బయ్య చెప్పాడు. మీ నాన్నగారికి నేను చెప్పలేదు. ప్రతిరోజూ నా చేత్తో నేనే దూది తడిపి ఇచ్చేదాన్ని. నువ్వు వేళకు మందు వేసుకో. అమ్మాయికి ఫోనివ్వు" అంది. నాతో చెప్పిందల్లా, ఈ సంగతి పెద్దాడపడుచుతో అనవద్దని.

నిజమే. జన్యు విధానంతో మనిషి ఇన్సులిన్ తయారై 1982లో అమ్మకానికి రాకముందు లోకమంతా ఆవుల, పందుల క్లోమాలమీదనే ఆధారపడింది. మన దేశంలో ఆ తరువాత కూడా చాలాకాలం వాడారు. మామగారు పోయింది 1991లో. అదే గ్రంథి, అదే జంతువు. అన్నేళ్ల కాపురంలో అత్తయ్య ఒక్కతే మోసిన రహస్యం అది.

అక్కడినుంచి సాధన మొదలు. మాత్ర అంటే భోజనం అయ్యాక, మంచినీళ్లతో అని మనకు అలవాటు. ఇది అలా పనికిరాదు. అన్నంతోపాటే లోపలికి వెళ్లి అన్నంలో కలవాలి. ఆహారం సంగతి చెప్పే అమ్మాయి, మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో ఒకటి అంది. అయితే తెలుగు భోజనానికి మధ్య ఎక్కడ? పప్పు దగ్గరా, పులుసు దగ్గరా, పెరుగు దగ్గరా? కొన్నాళ్లు చూచి, పులుసు కలిపే ముందు అని మావారు నిర్ణయించారు. ఔపోసన పట్టి మొదటి ముద్దతో ఒక క్యాప్సూలు. వేడి వేడి పాలతో, కాఫీతో మింగకూడదు. ఉత్త కడుపుతో వేసుకొంటే వ్యర్థం.

అన్నిటికన్నా ఆశ్చర్యం నెయ్యి తిరిగి రావడం. కొవ్వు మానడం కాదు, కొవ్వుకు తగిన మందు వేసుకోవడం ఈ వైద్యం అని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది. ఒంటికి కండ పట్టాలంటే నెయ్యి, నూనె కావాలి. రెండేళ్ల తరువాత మావారి పప్పులో నేను చెంచాడు నెయ్యి వేసిన పూట ఆయన కలపకుండా కాసేపు వాసన చూస్తూ కూర్చున్నారు. మొదటి వారం భోజనానికి ఒకటే, 25000 యూనిట్లది. పెద్ద గుణం కనిపించలేదు. రెండు చేశాక తెట్టు తగ్గింది. ఆయన ఒక నోటుపుస్తకం తెరిచి గీతలు గీశారు: ఇడ్లీకి ఒకటి, పూరీ కూరకు రెండు, పండుకు అక్కరలేదు. పాల కాఫీ విడిగా తాగితే దానికీ ఒకటి కావలసి వస్తోందని కాఫీని టిఫినులోకి జరిపారు. నాలుగు గంటల కాఫీ పోయినందుకు నెయ్యి వచ్చిన సంతోషం సగం తగ్గింది.

చిత్తూరులో మా పినతల్లి కూతురు ఒకనాడు భోజనానికి పిలిచింది. విస్తరిలో ఉప్పు పక్కన మావారు రెండు క్యాప్సూళ్లు పెట్టుకొంటే, వడ్డించే ఆయన వాటిని చూచి ఆగిపోయాడు. "అదేందన్నా, తినకముందే మందా? తిన్నాక చూసుకుందాంలే" అన్నాడు. బూరెలు, పులిహోర, ఆవడలు. మూడోది కూడా జేబులోంచి తీయవలసి వచ్చింది.

ఇక పరీక్షల సంగతి. ఎలాస్టేస్ 200కు పైన ఉండాలి. 100కు దిగువన ఉంటే గ్రంథి బాగా దెబ్బతిన్నట్టు. మావారికి 142 వచ్చింది. నమూనా నీళ్లగా ఉంటే అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుందని మళ్లీ చేయించారు. 171. ఆ మధ్య మెట్టుమీదనే నిలబడింది. సి.టి. స్కానులో రాళ్లు లేవు. గొట్టం లోపలినుంచి చేసే అల్ట్రాసౌండులో గ్రంథిలో కొన్ని పోగులవంటి గీతలు కనిపించాయి. జబ్బు అని తేల్చడానికి అవి చాలవట, లేదనడానికి ఎక్కువట. గోధుమ పడని సీలియాక్ జబ్బు లేదు. పేగు ముక్క తీసి చూచారు, శుభ్రంగా ఉంది. 1960లలో ఇదే జిల్లా పల్లెల్లో స్ప్రూ అనే పేగు జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టుకొంటే ఈ ఆస్పత్రి డాక్టర్లే తిరిగి పరిశోధన చేశారట. ఆ జాడా లేదు. షుగరు ఇంకా రాలేదు గాని రావచ్చును. విటమిన్ డి బాగా తక్కువ.

"మందు పనిచేస్తోంది గదా. మరి ఫలానా జబ్బు అని వ్రాయవచ్చును గదా?" అని మావారు అడిగారు.

డాక్టరు ఒప్పుకోలేదు. "సార్, మందుకు గుణం కనిపించినంత మాత్రాన జబ్బు పేరు రుజువు కాదు. ఇవి కావు అని మాత్రం నేను సంతకం పెట్టగలను. ఇదే అని పెట్టాలంటే కొంత కాలం చూడాలి" అన్నాడు. లెక్కల మాస్టారికి ఈ జవాబు మింగుడు పడలేదు. అయినా ఆ కుర్రవాడు తెలియనిదాన్ని తెలిసినట్టు వ్రాసి ఇవ్వనందుకు నాకు అతనిమీద గురి కుదిరింది. మా ఊళ్లో మూడు పేర్లు విని వచ్చినదాన్ని మరి.

తిరిగి రైలెక్కేనాటికి మావారు 57న్నర. రాయచోటి పిల్ల అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. సెప్టెంబరులో మళ్లీ రమ్మన్నారు; అప్పుడు స్కాను మళ్లీ చేస్తారు. మూడు నెలలకొకసారి షుగరు చూపించుకోవాలి. రోజుకు ఆరు క్యాప్సూళ్ల చొప్పున రెండు నెలలకు సరిపడా కొన్నాం. వాటిని ఎండ తగలని, చల్లని, చెమ్మ లేని చోట పెట్టాలి. మా ఇంట్లో వేసవిలో చల్లగా ఉండేది దేవుడి గది ఒక్కటే. అందులోకి మాత్రం అత్తయ్య ఒప్పుకోలేదు. పక్కనే, ఊరగాయ జాడీల అలమరలో పై అర ఖాళీ చేయించి, సీసాలను తన చేత్తోనే సర్దింది.